వసూలు ఫోను మోగితే... ఆసుపత్రి అప్పు, మన నాలుక

అల్లాహ్ తన దాసులను భయంతో, ఆకలితో, ధననష్టంతో, ప్రాణనష్టంతో పరీక్షిస్తానని దివ్యఖుర్ఆన్‌లో ముందే తెలియజేశాడు (2:155). జబ్బు పడిన ఇంట్లో ఈ పరీక్షలన్నీ ఒకేసారి వచ్చిపడతాయి. మనిషి ఐసీయూలో ఉంటాడు. కౌంటరు దగ్గర అడ్వాన్సు కట్టమంటారు. ఇల్లాలి లచ్ఛా తాకట్టుకు పోతుంది. అది చాలకపోతే బంధువుల దగ్గర చేబదులు, ఆ పైన పర్సనల్ లోను, చివరికి సెల్‌ఫోనులో ఐదు నిమిషాల్లో దొరికే యాప్ లోను. రోగి కోలుకుని ఇంటికి రావచ్చు, లేదా అల్లాహ్ సన్నిధికి చేరుకోవచ్చు. ఏది జరిగినా నెల తిరిగేసరికి ఆ ఇంట్లో ఫోను మోగడం మొదలవుతుంది.

మన ఖాజాగూడనే చూడండి. ఒకవైపు ఫక్రుద్దీన్ గుట్ట, పెద్దచెరువు. మరోవైపు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల అద్దాల భవనాలు, వాటి మధ్య పెద్ద పెద్ద కార్పొరేట్ ఆసుపత్రులు. ఆ భవనాల్లో పనిచేసే డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు, వంటవాళ్ళు, చిన్న ఉద్యోగులు ఈ బస్తీల్లోనే ఉంటారు. ఆసుపత్రి కూతవేటు దూరంలోనే ఉంటుంది గానీ, దాని బిల్లు మాత్రం వారి సంపాదనకు ఎంతో దూరంలో ఉంటుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు దూరం చూసుకునే తీరిక ఎవరికి ఉంటుంది? అందుకే అప్పు చేసినవారిని చిన్నచూపు చూడకండి. బిడ్డ ప్రాణం కోసం, తల్లి ప్రాణం కోసం తిరిగి ఇచ్చే ఉద్దేశంతో చేసిన అప్పు పాపం కాదు. తీర్చాలన్న సంకల్పంతో ప్రజల సొమ్ము తీసుకున్నవాని తరఫున అల్లాహ్ దానిని తీరుస్తాడని, ఎగవేయాలన్న తలంపుతో తీసుకున్నవానిని నాశనం చేస్తాడని దైవప్రవక్త (స) తెలిపారు (బుఖారీ). అంటే మొదట చూడవలసింది సంకల్పం. ఆ తర్వాత చూడవలసింది నాలుక.

అప్పు నుంచి శరణు ఎందుకు కోరారు?

దైవప్రవక్త (స) నమాజులో పాపం నుంచి, రుణభారం నుంచి అల్లాహ్ శరణు వేడుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. రుణభారం నుంచి ఇంతగా శరణు కోరుతున్నారేమిటని ఒకరు అడిగారు. అప్పులో పడ్డ మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడని, వాగ్దానం చేస్తే భంగపరుస్తాడని ఆయన (స) సమాధానమిచ్చారు (బుఖారీ).

సోదర సోదరీమణులారా! ఈ హదీసును మన సెల్‌ఫోను పక్కన పెట్టి చూడండి. ఫోను మోగగానే ఏం జరుగుతోంది? తండ్రి పక్కనే కూర్చుని, "అబ్బా ఇంట్లో లేరని చెప్పు" అని చిన్నపిల్లవాని చేతికి ఫోను ఇస్తున్నాడు. "శుక్రవారం తప్పకుండా వేస్తాను సార్" అంటున్నాడు, శుక్రవారం తన చేతికి పైసా రాదని తెలిసి కూడా. రెండో నెల సిమ్ మార్చేస్తున్నాడు. అప్పు మన డబ్బు మీద పడే భారం మాత్రమే అయితే అది ఏదో ఒకనాడు తీరుతుంది. కానీ అది మన ఈమాన్ మీద పడుతోంది. తండ్రి నోట అబద్ధం విన్న పిల్లవాడు ఆ పాఠాన్ని జీవితాంతం మరచిపోడు.

హజ్రత్ అబూ ఖతాదా (రజి)కు ఒకాయన బాకీ ఉన్నాడు. అడగడానికి వస్తే దాక్కున్నాడు. చివరికి కనబడినప్పుడు, తన దగ్గర ఏమీ లేదని చెప్పుకున్నాడు. ప్రమాణం చేసి చెప్పమన్నారు అబూ ఖతాదా (రజి). అతను అల్లాహ్ సాక్షిగా చెప్పాడు. అప్పుడు ఆయన కోపగించుకోలేదు. ప్రళయదినపు కష్టాల నుంచి అల్లాహ్ తనను కాపాడాలని కోరుకునేవాడు ఇబ్బందిలో ఉన్నవానికి గడువు ఇవ్వాలి లేదా బాకీ తగ్గించాలి అన్న ప్రవక్త (స) మాటను గుర్తు చేశారు (ముస్లిం). ఇందులో ఇద్దరికీ పాఠముంది. దాక్కున్నంతకాలం ఆ మనిషికి ఉపశమనం దొరకలేదు. నిజం చెప్పిన క్షణంలోనే దొరికింది.

ఫోను ఎత్తి ఏం చెప్పాలి?

ఫోను ఎత్తండి. సలాము చెప్పే సందర్భం అయితే సలాముతో, లేకపోతే మర్యాదగా మాట మొదలుపెట్టండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి: "సార్, నేను బాకీ ఉన్నమాట నిజమే. ఇవ్వనని అనడం లేదు. మా అమ్మీ ఆపరేషనుకు తీసుకున్నాను. నా జీతం ఇంత. ఇంటి అద్దె, మందులు పోగా నెలకు రెండు వేలు ఇవ్వగలను. ఈ మాటే మీకు రాసి పంపుతాను." ఇంతే. ఇవ్వలేని తేదీ చెప్పకండి. తేదీ చెబితే ఆ రోజు ఇవ్వండి. ఇవ్వలేని పరిస్థితి వస్తే వాళ్ళు ఫోను చేయకముందే మీరే చేయండి. ఒప్పందాలను నెరవేర్చమని అల్లాహ్ ఆజ్ఞాపించాడు (5:1).

నిజం చెప్పడమంటే అడిగిన ప్రతివాడికీ డబ్బు పంపేయడం కాదు. ఏదైనా వార్త వస్తే విచారించి తెలుసుకోమని దివ్యఖుర్ఆన్ బోధిస్తోంది (49:6). కాబట్టి ఫోను చేసినవారి పేరు, కంపెనీ పేరు, ఏ లోను, ఎంత అసలు, ఎంత వడ్డీ, ఎంత జరిమానా అన్నది అడిగి ఒక నోటుబుక్కులో తేదీతో రాసుకోండి. దివ్యఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయతు అప్పును రాసుకోవడం గురించే అవతరించింది (2:282). అప్పు ఇచ్చేటప్పుడు రాయడం ఎంత అవసరమో, తీర్చేటప్పుడు రాయడమూ అంతే అవసరం. లెక్కను కాగితం మీద పంపమనండి. బ్యాంకు బ్రాంచికి వెళ్ళి సరిచూసుకోండి. ఏజెంటు సొంత ఖాతాకు, సొంత ఫోను నంబరుకు డబ్బు పంపకండి. ఓటీపీ చెప్పకండి. ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి.

ఆసుపత్రి వారే నేరుగా బాకీ అడుగుతుంటే ఐటెం వారీగా బిల్లు ఇమ్మని అడగండి. అది రోగి హక్కు అని జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది. బిల్లు తగాదా పేరుతో రోగినిగానీ, మృతదేహాన్నిగానీ ఆపకూడదని కూడా అందులో ఉంది. ఒరిజినల్ బిల్లులను భద్రంగా దాచుకోండి. తెలంగాణలో ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు చేయాలంటే అవే కావాలి.

అడిగేవానికీ హద్దు ఉంది

ఒకసారి ఒక వ్యక్తి తన బాకీ కోసం దైవప్రవక్త (స) వద్దకు వచ్చి కటువుగా మాట్లాడాడు. సహాబీలు అతన్ని మందలించబోయారు. ప్రవక్త (స) వారించారు. హక్కు ఉన్నవానికి మాట్లాడే హక్కూ ఉంటుందన్నారు. అతనికి ఇవ్వవలసిన ఒంటె కంటే మేలైన ఒంటెను ఇప్పించారు. బాకీని చక్కగా తీర్చేవారే మీలో ఉత్తములని చెప్పారు (బుఖారీ, ముస్లిం). కనుక అప్పు ఇచ్చినవాడు రెండుసార్లు ఎక్కువ అడిగితే మనం మండిపడకూడదు. స్తోమత ఉండి కూడా వాయిదా వేయడం అన్యాయమని కూడా ఆయనే (స) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం).

అయితే మాట్లాడే హక్కు వేరు, అవమానించే హక్కు వేరు. తన హక్కును అడిగేవాడు పవిత్రమైన పద్ధతిలో అడగాలని హదీసు ఉంది (ఇబ్నుమాజా). అమ్మేటప్పుడు, కొనేటప్పుడు, బాకీ అడిగేటప్పుడు మెత్తగా వ్యవహరించే మనిషిని అల్లాహ్ కరుణించాలని ప్రవక్త (స) దుఆ చేశారు (బుఖారీ). ఇల్లాలికి ఫోను చేసి బూతులు మాట్లాడటం, పొరుగువారికి, ఆఫీసులో మేనేజరుకు చెప్పి పరువు తీయడం, ఫొటోలు మార్చి పంపడం... ఇవి బాకీ వసూలు కాదు, జుల్మ్.

దేశ చట్టం కూడా ఈ హద్దును గీసింది. బ్యాంకులు గూండాలను పెట్టి అప్పులు వసూలు చేయరాదని 2007లో సుప్రీంకోర్టు మందలించింది. 2022 ఆగస్టు 12న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం రికవరీ ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తర్వాత బాకీ కోసం ఫోను చేయకూడదు. బెదిరించకూడదు, నలుగురిలో అవమానించకూడదు, కుటుంబసభ్యుల, స్నేహితుల జోలికి పోకూడదు, పేరు చెప్పకుండా ఫోన్లు చేయకూడదు. హద్దు మీరితే ముందు ఆ బ్యాంకుకో, ఫైనాన్స్ కంపెనీకో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు ఆంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448కి ఫోను చేయండి. బూతులు, బెదిరింపులు, మార్చిన ఫొటోలు వస్తే పోలీసుల దగ్గరకు వెళ్ళండి. సైబర్ మోసమైతే 1930కి ఫోను చేయండి. మీ నోటుబుక్కులో రాసుకున్న తేదీలు అప్పుడు సాక్ష్యంగా పనికొస్తాయి.

"రేపు పోలీసులు వచ్చి పట్టుకుపోతారు" అని ఫోనులో అంటే బెంబేలెత్తకండి. చేతిలో లేక బాకీ కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం. చెక్కు ఇచ్చి అది తిరిగివస్తే మాత్రం చట్టం వేరు. కోర్టు నుంచి కాగితం వస్తే దాచిపెట్టకుండా వకీలు దగ్గరకు వెళ్ళండి.

ప్రాణం కంటే పెద్ద బాకీ లేదు

2020 డిసెంబరులో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులు భరించలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్లపై దాడులు చేసి పలువురిని అరెస్టు చేశారు. ఆ నెల 23న రిజర్వ్ బ్యాంకు అనుమతి లేని యాప్‌ల విషయంలో జాగ్రత్తగా ఉండమని ప్రజలను హెచ్చరించింది. చనిపోయినవారి ఇళ్ళలో బాకీ పోలేదు, మనిషి పోయాడు.

మిమ్మల్ని మీరు చంపుకోకండి, అల్లాహ్ మీపట్ల కరుణామయుడు అని దివ్యఖుర్ఆన్ బోధిస్తోంది (4:29). ఏ ఇంట్లోనైనా అప్పుల మనిషి అన్నం మానేసి, మాట తగ్గించి, ఫోను చూసి ఉలిక్కిపడుతుంటే ఇంటివారు అతన్ని ఒంటరిగా వదలకండి. "ఎంత బాకీ ఉంది?" అని నిలదీయడానికి ముందు "తిన్నావా?" అని అడగండి. మనసు మరీ కుంగితే 14416కు ఫోను చేయవచ్చు. అది ప్రభుత్వం నడిపే టెలీమానస్ సేవ.

పాత యాప్ బాకీ తీర్చడానికి కొత్త యాప్‌లో అప్పు తీసుకోకండి. వడ్డీని అల్లాహ్ నిషేధించాడు. దాన్ని వదలనివారిపై అల్లాహ్, ఆయన ప్రవక్త తరఫున యుద్ధ ప్రకటన ఉంది (2:279). "వడ్డీ అప్పే కదా, ఎగ్గొడితే తప్పేముంది?" అని కొందరు అడుగుతుంటారు. తప్పే. అసలు సొమ్ము ఇతరుల హక్కు, దాన్ని ఇవ్వవలసిందే. వడ్డీ, జరిమానాలు తగ్గించి ఒకేసారి సెటిల్ చేయమని అడగండి. తప్పించుకునే దారి లేక వడ్డీ కట్టవలసి వస్తే తౌబా చేయండి, మళ్ళీ ఆ గడప తొక్కనని నిశ్చయించుకోండి. ఎవరి పరిస్థితి వారిది గనుక దగ్గరలోని ముఫ్తీ సాహెబ్‌ను అడిగి నడచుకోండి.

చనిపోయినవారి బాకీ

జనాజా లేచిన ఇంటికి కూడా ఫోను వస్తుంది. "మీ నాన్న బాకీ నువ్వు కట్టాలి" అంటారు. వారసత్వ ఆయతులలో అల్లాహ్ అప్పు తీర్చిన తర్వాతే పంపకమని స్పష్టం చేశాడు (4:11, 12). కనుక తండ్రి వదిలిన ఆస్తిలోంచి ముందు కఫన్ ఖర్చు, తర్వాత అప్పు, ఆ తర్వాతే వసీయతు, పంపకాలు. ఆస్తి లేకపోతే కొడుకు తన జేబులోంచి కట్టడం షరీఅతులో తప్పనిసరి కాదు. దేశ చట్టంలోనూ వారసుడు తన చేతికొచ్చిన ఆస్తి మేరకే బాధ్యుడు. లోను కాగితంపై జామీనుగానో, సహరుణగ్రహీతగానో సంతకం పెట్టి ఉంటే వేరు.

కానీ కొడుకు ఇష్టపూర్వకంగా తీరిస్తే అది తండ్రికి చేసే గొప్ప మేలు. బాకీ ఉన్న ఒక వ్యక్తి జనాజా నమాజు చదివించడానికి ప్రవక్త (స) వెనుకాడినప్పుడు, ఆ బాకీ తాను తీరుస్తానని హజ్రత్ అబూ ఖతాదా (రజి) ముందుకొచ్చారు. అప్పుడే ఆయన (స) నమాజు చదివించారు (బుఖారీ). దాక్కున్న బాకీదారుకు గడువు ఇచ్చిన ఆ సహాబీయే ఈయన!

హెడ్‌ఫోన్ పెట్టుకున్న యువకులకు

మన పిల్లలు కొందరు ఫోనుకు అవతలి వైపు కూర్చుంటున్నారు. హైటెక్ సిటీలో అమెరికా ఆసుపత్రుల బిల్లింగు పని చేసే ఆఫీసులున్నాయి. రికవరీ కాల్ సెంటర్లూ ఉన్నాయి. వైద్యం చేసినందుకు న్యాయంగా రావలసిన బిల్లు అడగడం తప్పు కాదు. వడ్డీ వసూలు చేయడమే పని అయితే మాత్రం వేరే ఉపాధి వెతుక్కోండి. వడ్డీ తినేవాన్ని, ఇచ్చేవాన్ని, రాసేవాన్ని, సాక్షులను ప్రవక్త (స) శపించారు (ముస్లిం). ఏ పని చేస్తున్నా టార్గెట్ కోసం అబద్ధం చెప్పకండి, కన్నీళ్ళు పెట్టించకండి. మీ మాటలు కంపెనీవాళ్ళు రికార్డు చేస్తున్నారని మీకు తెలుసు. మీ భుజాల మీది దైవదూతలు కూడా రాస్తున్నారు (82:10-12).

అమెరికాలో ఉన్న మనవారికి కూడా ఇలాంటి ఫోన్లు వస్తుంటాయి. అక్కడ 1977 నాటి చట్టం ఉంది. వసూలు ఏజెన్సీలు ఉదయం 8కి ముందు, రాత్రి 9 తర్వాత సాధారణంగా ఫోను చేయకూడదు. ఇక ఫోను చేయవద్దని రాసి పంపితే ఆపాలి. అయితే ఫోను ఆగినంత మాత్రాన బాకీ పోదు. ఎక్కడున్నా హక్కు హక్కే.

జమాఅత్ ఏం చేయాలి?

ప్రవక్త (స) కాలంలో ఒక వ్యక్తి పండ్లు కొని నష్టపోయాడు. అప్పు పెరిగిపోయింది. ఆయన (స) అతనికి సదకా ఇవ్వమని ప్రజలను ప్రోత్సహించారు. అందరూ ఇచ్చారు. అయినా బాకీ తీరలేదు. అప్పుడు బాకీదార్లను పిలిచి, దొరికింది తీసుకోండి, అంతకు మించి మీకు లేదని చెప్పారు (ముస్లిం). మరోసారి మస్జిదులోనే బాకీ గురించి ఇద్దరి గొంతులు లేచాయి. ప్రవక్త (స) తన గది తెర తొలగించి, సగం తగ్గించమని హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి)కు సైగ చేశారు. ఆయన ఒప్పుకున్నారు. మిగతా సగం లేచి చెల్లించమని రెండోవారిని ఆదేశించారు (బుఖారీ). ఆ రోజు మస్జిదులో ఇద్దరి మధ్య నిలబడే మనిషి ఉన్నారు. మన మస్జిదుల్లో ఎవరున్నారు?

మస్జిదు కమిటీలో చదువుకున్న ఇద్దరిని ఈ పనికి పెట్టండి. ఆరోగ్యశ్రీ కార్డు ఎలా వాడాలో, ఏ జబ్బుకు నిలోఫర్, గాంధీ, ఉస్మానియా, నిమ్స్ వెళ్ళాలో ముందే చెప్పే మనిషి ఉంటే సగం అప్పులు పుట్టవు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచారన్న సంగతి కూడా కొన్ని ఇళ్ళకు చేరలేదు. వడ్డీ లేని రుణమిచ్చే బైతుల్‌మాల్ సంస్థలు మన నగరంలో ఉన్నాయి. వాటిని బలపరచండి.

జకాత్ పొందే ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులు ఒకరు (9:60). బాకీ పోను నిసాబ్ మిగలని మనిషికి జకాత్ ఇవ్వవచ్చు. అతని అనుమతితో అతని తరఫున ఆసుపత్రికే నేరుగా కట్టవచ్చు. మీరిచ్చిన అప్పునే మాఫీ చేసి దాన్ని జకాత్ లెక్కలో వేసుకుంటే హనఫీ ఉలమాల ప్రకారం చెల్లదు. జకాత్ అతని చేతికి ఇవ్వండి, అతను దానితో మీ బాకీ తీర్చవచ్చు. చనిపోయినవారి బాకీని జకాత్‌తో కాక సదకాతో తీర్చండి.

రుణగ్రస్తుడు ఇబ్బందిలో ఉంటే కలిమి కలిగేవరకు గడువు ఇవ్వమని, మాఫీ చేస్తే మరీ మేలని అల్లాహ్ ఆదేశం (2:280). ఫోను ఎత్తేవాడు నిజం చెప్పాలి, ఫోను చేసేవాడు హద్దులో ఉండాలి, ఆ ఫోను మోత గోడ ఇవతల నుంచి విన్న పొరుగువాడు తలుపు తట్టాలి.

యా అల్లాహ్! హరాం అవసరం లేకుండా మాకు హలాల్‌నే చాలించు. నీవు తప్ప ఇతరుల ముందు చేయి చాపనివ్వకు. రోగులకు స్వస్థత, రుణగ్రస్తులకు విముక్తి, రుణదాతలకు మెత్తని మనసు ప్రసాదించు. మా నాలుకలను అబద్ధం నుంచి కాపాడు. ఆమీన్.